జీపెక్కిన పురుగులు, టీవీ ఎక్కిన జోషీ

శనగ చేలకు పచ్చపురుగు పట్టిందని పత్రికల్లో వార్తలొస్తాయి. వ్యవసాయ శాఖ ఉలిక్కిపడుతుంది. అధికారి జీపెక్కి పొలాల తనిఖీకి బయల్దేరుతూ ఒక రచయితను కూడా వెంటబెట్టుకుంటాడు. చేను దగ్గర దిగాక పురుగు గురించి నాలుగు ముక్కలు మాట్లాడి, పచ్చి కాయలు వలుచుకుని తింటాడు. ఇంటికి పట్టుకెళ్లడానికి ఇన్ని శనగ మొక్కలు జీపులో వేయించుకుంటాడు. పంటను తింటున్న పురుగు ఆకు మీద ఉందా, జీపులో కూర్చుందా అని రచయితకు అనుమానం మొదలవుతుంది.

‘జీప్ పర్ సవార్ ఇల్లియా’ అనే ఈ వ్యంగ్య రచన శరద్ జోషీది. ఇదే పేరుతో 1971లో ఆయన సంపుటి ఒకటి వచ్చింది. హిందీ పాఠకులకు ఈ రచనా, రాసినాయన పేరూ కొట్టినపిండి. మనకు ఆ పరిచయం లేదు. కానీ 1980ల్లో సొంతింట్లోనో, పక్కింటి వసారాలోనో టీవీ చూసిన తెలుగువాళ్లు ఆయన మాటలకు పగలబడి నవ్వినవాళ్లే. ‘యే జో హై జిందగీ’ పేరెత్తితే ఆ తరం ఇప్పటికీ హుషారవుతుంది. వారానికో వేషంలో వచ్చే సతీశ్ షాను తలుచుకుంటారు. షఫీ ఇనాందార్, స్వరూప్ సంపత్, రాకేశ్ బేడీ పేర్లు వరసగా చెప్పేస్తారు. మధ్యలో వచ్చే ‘విక్కో’ ప్రకటనలు కూడా వాళ్లకు గుర్తే. ఆ సీరియల్ రాసిందెవరని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు.

సినిమా మొదలైతే ‘మాటలు’ అన్న కార్డు కోసం చూసే అలవాటు మనకుంది. ముళ్లపూడి వెంకటరమణ పేరుకు, జంధ్యాల పేరుకు హాల్లో ఈలలు పడ్డ రోజులున్నాయి. టీవీ దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటు ఏమైందో! సినిమాకు టికెట్ కొని వెళ్తాం కాబట్టి ఎవరు రాశారో చూసుకుంటాం, టీవీ దానంతటది ఇంట్లోకి వచ్చింది కాబట్టి ఎవరినీ అడగం. ఇది నా ఊహ మాత్రమే.

ముళ్లపూడి మాట ఊరికే రాలేదు. శరద్ జోషీ పుట్టింది 1931 మే 21న, ఉజ్జయినిలో. ముళ్లపూడి పుట్టింది అదే ఏడాది జూన్ 28న, ధవళేశ్వరంలో. ఒకరు క్షిప్రా నది ఒడ్డు మనిషి, మరొకరు గోదావరి మనిషి. ఇద్దరూ పత్రికల్లోనే కలం పట్టారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి పదహారేళ్ల కుర్రాళ్లు. నాయకులు జెండాలు ఎగరేయడం చూసి చప్పట్లు కొట్టి, ఆ తర్వాత అదే నాయకులు కుర్చీల్లో సర్దుకోవడం చూసి నవ్వడం మొదలెట్టిన తరం అది. ముళ్లపూడి ‘రాజకీయ బేతాళ పంచవింశతి’ రాశారు. జోషీ దూరదర్శన్ ‘విక్రమ్ ఔర్ బేతాళ్’కు పనిచేశారు. బేతాళుణ్ని ఇద్దరూ వదల్లేదు. ముళ్లపూడి దాన్ని రాజకీయానికి తగిలిస్తే, జోషీ పిల్లల ముందుకు తెచ్చారు. ఈ తేడా వెనకున్న కారణం దగ్గరికి తర్వాత వద్దాం.

ఇండోర్ నుంచి వచ్చే ‘నయీ దునియా’ దినపత్రికలో జోషీ కాలమ్ రాస్తూ పైకి వచ్చారు. ఆ రచనలు ‘పరిక్రమా’ పేరుతో 1958లో పుస్తకమయ్యాయి. తర్వాత మధ్యప్రదేశ్ ప్రభుత్వ సమాచార శాఖలో ఉద్యోగం. వ్యంగ్య రచయితకు ఇంతకంటే మంచి బడి దొరకదు. ఫైలు ఏ బల్ల దగ్గర ఎందుకు ఆగుతుందో, మంత్రిగారి పర్యటనకు ముందు రోడ్డు ఎలా మెరుస్తుందో, ప్రకటనలో ఒక్క మాట మారిస్తే కరవు ఎలా మాయమవుతుందో లోపల కూర్చున్నవాడికే తెలుస్తుంది. చూడాల్సింది చూశాక ఆయన ఉద్యోగం వదిలేశారు. ఇక జీవితాంతం రాతే కూడు పెట్టింది.

ఆ రోజుల్లో హిందీ వ్యంగ్యం మంచి వయసు మీద ఉంది. జబల్‌పుర్‌లో హరిశంకర్ పర్సాయీ కూడా ఉద్యోగాన్ని కాదనుకుని కలం మీదే బతికారు. ఉత్తరప్రదేశ్‌లో శ్రీలాల్ శుక్లా మాత్రం ప్రభుత్వ అధికారిగా ఉంటూనే 1968లో ‘రాగ్ దర్బారీ’ నవల రాసి, ఆ మరుసటి ఏడాది సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. పర్సాయీ వాక్యం చర్నాకోలలా తగులుతుంది. శుక్లా ఊరంతటినీ తీసుకొచ్చి మన ముందు కూర్చోబెడతారు. జోషీ దారి ఈ రెండూ కాదు. ఎదురింటాయన అరుగు మీద కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడుతున్నట్టే ఉంటుంది. కోపం కనబడదు. కాసేపటికి ఆ కబుర్ల మధ్యలోంచే ఒక ప్రభుత్వం పరువు పోతుంది.

ఆయనకు పెద్ద పాఠకలోకాన్ని ఇచ్చింది వారపత్రికలు. బొంబాయి నుంచి ధర్మవీర్ భారతి సంపాదకత్వంలో ‘ధర్మయుగ్’, దిల్లీ నుంచి ‘సాప్తాహిక్ హిందుస్థాన్’ వచ్చేవి. మన ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వీక్లీల కోసం ఇంటిల్లిపాదీ వంతులు వేసుకున్నట్టే ఉత్తరాది ఇళ్లలో వాటి కోసం కొట్లాడుకునేవాళ్లు. ‘ధర్మయుగ్’లో ఆబిద్ సుర్తీ గీసే ‘డబ్బూజీ’ కార్టూన్ కోసం పత్రికను వెనక నుంచి తిప్పేవాళ్ల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. వీక్లీల్లో హాస్యానికి ఖాయమైన చోటు ఉండేది. అక్కడ రాసేవాడి పేరు ఊరూరా తెలిసేది. ఎక్స్‌ప్రెస్ సంస్థ ‘హిందీ ఎక్స్‌ప్రెస్’ అనే వారపత్రిక పెట్టినప్పుడు సంపాదకుడిగా జోషీనే కూర్చోబెట్టారు. అది ఎన్నాళ్లో నిలబడలేదు.

పత్రికలకూ టీవీకీ మధ్య జోషీ ఎక్కిన మెట్టు ఇంకొకటుంది. ఆయన గురించి రాసేవాళ్లు దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు గానీ, నా లెక్కలో అదే కీలకం. ఉత్తరాదిలో కవి సమ్మేళనాలు రాత్రంతా సాగుతాయి. వేల మంది కూర్చుంటారు. అక్కడ రాజ్యం కవులది, అందులోనూ గొంతున్న కవులది. అలాంటి వేదిక మీద జోషీ వచనం చదివేవారు. పాట లేదు, ప్రాస లేదు, చేతిలో కాగితాలు తప్ప. వ్యాసం చదువుతానంటే జనం లేచి టీ కొట్టుకు పోయే చోట ఆయన జనాన్ని కట్టిపడేశారు. కవులతో సమానంగా ‘ఇంకొకటి’ అనిపించుకున్నారు.

కాగితం మీద రాసేవాడికి పాఠకుడు ఎక్కడ నవ్వాడో తెలియదు. ఉత్తరం వస్తే వచ్చినట్టు. వేదిక మీద అది వెంటనే చెవిన పడుతుంది. ఏ మాట దగ్గర నవ్వు మొదలైంది, ఏ మాట దాకా సాగింది, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలి, ఏ విశేషణం అడ్డం పడి నవ్వును చంపేసింది అన్నీ తెలిసిపోతాయి. ఆ చెవి ఉన్నవాడికి సంభాషణ రాయడం కష్టం కాదు. 1970ల్లో సినిమావాళ్లు ఆయన్ను పట్టుకున్నది అందుకేనేమో. బాసు చటర్జీ ‘ఛోటీసీ బాత్’లో అమోల్ పాలేకర్ నంగినంగిగా మాట్లాడే మాటలు జోషీవే. 1984లో శశి కపూర్ నిర్మించి, గిరీశ్ కర్నాడ్ దర్శకత్వం వహించిన ‘ఉత్సవ్’కు కూడా ఆయనే సంభాషణలు రాశారు. ఒకటి బొంబాయి బస్‌స్టాపు కథ, రెండోది శూద్రకుడి ‘మృచ్ఛకటికం’.

ఆ 1984లోనే ఆయన టీవీకి వచ్చారు. రంగులు, జాతీయ కార్యక్రమాలు దూరదర్శన్‌కు 1982లో వచ్చాయి. మరుసటి ఏడాది ఇన్సాట్-1బి ఆకాశంలోకి వెళ్లింది. 1984లో కొన్ని నెలల పాటు దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున దేశమంతటా నిలబెట్టుకుంటూ పోయారు. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 నుంచే ఉంది. కానీ జిల్లాల్లో చాలాచోట్ల కొత్త టవర్లు ముందుగా మోసుకొచ్చింది దిల్లీ కార్యక్రమాలనే. అందుకే హిందీ ఒక్క ముక్క రాని ఇళ్లలోనూ హిందీ సీరియళ్లు ఆడాయి. భాష అర్థం కాకపోయినా భార్యాభర్తల కీచులాట అర్థమైంది.

టవర్లు లేచాయి గానీ చూపించడానికి సరుకు లేదు. ‘కృషి దర్శన్’ ఎంతసేపని చూస్తారు? స్పాన్సర్ డబ్బు పెడతాడు, బయటి నిర్మాత సీరియల్ తీస్తాడు, దూరదర్శన్ సమయం ఇచ్చి మధ్యలో స్పాన్సర్ ప్రకటనలు వేయనిస్తుంది. ఈ ఏర్పాటుతో 1984 జులై 7న ‘హమ్ లోగ్’ మొదలైంది. దాన్ని రాసిన మనోహర్ శ్యామ్ జోషీ కూడా పత్రికల మనిషే, ‘సాప్తాహిక్ హిందుస్థాన్’ సంపాదకుడిగా పనిచేసినవాడే. ఆ వెనకే ‘యే జో హై జిందగీ’ వచ్చింది. ఇద్దరు జోషీలు, ఇద్దరికీ బంధుత్వం లేదు. ఏడుపుకొకరు, నవ్వుకొకరు అన్నట్టు దేశం సాయంత్రాలను పంచుకున్నారు. దూరదర్శన్‌కు రాయడానికి మొదట సినిమావాళ్లను కాకుండా వీక్లీ రచయితలను వెతుక్కోవడంలో లెక్క ఉంది. వారం వారం గడువుకు సరుకు అందించడం వాళ్లకు అలవాటు. ‘తరువాయి వచ్చేవారం’ అన్న కిటుకు వాళ్ల చేతుల్లోదే.

‘యే జో హై జిందగీ’కి ఎస్.ఎస్. ఒబెరాయ్ నిర్మాత. అంతకు ముందేడే ‘జానే భీ దో యారో’ తీసిన కుందన్ షా, ఆయనతో పాటు మంజుల్ సిన్హా, రమణ్ కుమార్ దర్శకులు. పేర్ల పాట కిశోర్ కుమార్ పాడారు. కథ చెప్పాలంటే ఏమీ లేదు. రంజిత్, రేణు అని ఒక మధ్యతరగతి జంట. రేణు తమ్ముడు రాజా పనీపాటా లేకుండా అక్క ఇంట్లో తిష్ఠ వేశాడు. భర్తకు ఆఫీసులో టికూ తల్సానియా వేసిన చిరచిరలాడే బాసు. అంతే. కుటుంబ కథకు కావలసిన ఆస్తి తగాదా లేదు, కట్నం లేదు, కన్నీళ్లు లేవు.

ఇందులో వారం వారం కొత్త కథ ఎక్కడి నుంచి వస్తుంది? తలుపు దగ్గర నుంచి. తలుపు తట్టి ఎవడో ఒకడు లోపలికొస్తాడు. వాడి వెర్రి వాడిది. అరగంటలో ఆ ఇల్లు తలకిందులై, చివరికి సర్దుకుంటుంది. ఆ వచ్చేవాడే సతీశ్ షా. ఒక వారం బెంగాలీ, ఒక వారం పంజాబీ, ఇంకో వారం ఇంకెవరో. ఎపిసోడ్‌కో మనిషిగా మారిన ఆయన నటనను అందరూ పొగిడారు, పొగడాలి కూడా. కానీ ఆ తలుపు పెట్టింది రచయిత. సెట్టు మార్చక్కర్లేదు, ఇంట్లోవాళ్లు మారక్కర్లేదు, ఖర్చు పెరగదు, కథ మాత్రం ప్రతి వారం కొత్తది.

జోషీ వ్యాసాలు చదివినవాళ్లకు ఈ తలుపు ఎక్కడిదో తెలిసిపోతుంది. ‘తుమ్ కబ్ జావోగే, అతిథి’ ఆయన పేరుపొందిన రచన. అతిథి వస్తాడు. తొలిరోజు విందు భోజనం. రోజులు గడుస్తున్నాయి, ఆయన కదలడు. పైగా బట్టలు ఉతకడానికి వేయాలంటాడు. గృహస్థు పెదాల మీది నవ్వు సన్నబడుతుంది, వంటలు తగ్గుతూ కిచిడీకి దిగుతాయి, ఆ పైన ఉపవాసమే మిగిలింది. వీక్లీ కోసం తయారైన ఈ యంత్రాన్నే ఆయన టీవీలో బిగించారు. వ్యాసంలో ‘నేను’ అంటూ గొణిగే గృహస్థు తెర మీద షఫీ ఇనాందార్ అయ్యాడు. గొణుగుడు పోయి, కనుబొమ్మ లేవడం వచ్చింది. వ్యాసకర్త టీవీకి వెళ్తే మొదట పోగొట్టుకునేది ఆ ‘నేను’నే. తన గొంతును నలుగురికి పంచి, తాను పక్కకు తప్పుకోవాలి. పేరు గుర్తుండకపోవడం అక్కడే మొదలవుతుంది. దాన్ని నష్టమంటారా? జోషీ అనుకున్నట్టు కనబడదు. ‘వాహ్ జనాబ్’, ‘దేవీజీ’, ‘ప్యాలే మే తూఫాన్’, ‘దానే అనార్ కే’ అంటూ వరసగా రాస్తూనే పోయారు.

ఇప్పుడు ఆ బేతాళుడి సంగతి. 1984 ఆగస్టు 16న హైదరాబాద్‌లో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజులూ మన పత్రికల్లో కార్టూన్లకు, వ్యంగ్యానికి పండగ. టీవీలో దాని మీద ఒక్క జోకైనా పడే వీలుందా? దూరదర్శన్ కేంద్రప్రభుత్వానిది. జోషీ లాంటివాడు, అధికారుల జీపులో పురుగుల్ని చూసినవాడు, ఆ తెర మీద ఆఫీసు బాసును దాటి పైకి వెళ్లలేదు. మంత్రి ఉండాల్సిన చోట బాసు, ప్రజ ఉండాల్సిన చోట ఇంటాయన. విక్రమార్కుణ్ని కూడా పిల్లల కథగానే చెప్పాలి, గద్దె మీద ఉన్నవాణ్ని అడిగే ప్రశ్నగా కాదు. టీవీలో జోషీ మెత్తబడ్డాడని హిందీ సాహిత్యలోకంలో సణిగినవాళ్లున్నారు. ఆ సణుగుడు నాకు అన్యాయమనిపిస్తుంది, ఎందుకంటే అదే సమయంలో ఆయన ఇంకో చోట ఏం చేస్తున్నాడో చూడాలి.

‘నవ్‌భారత్ టైమ్స్’లో 1980ల నడుమ ‘ప్రతిదిన్’ మొదలైంది. పేరులోనే ఉంది, రోజూ రాయాలి. సంపాదకుడు రాజేంద్ర మాథుర్ కూడా ఇండోర్ ‘నయీ దునియా’ నుంచి వచ్చినవారే. సీరియల్ ఎపిసోడ్లు, సినిమా మాటలు, కవి సమ్మేళన ప్రయాణాల మధ్య రోజుకో వ్యంగ్యం. పెద్దగా ఉండదు, టీ చల్లారేలోగా అయిపోతుంది. రాజీవ్ గాంధీ ప్రభుత్వం, బోఫోర్స్, పార్టీ ఫిరాయింపులు, పంటనష్టం, క్రికెట్, బొంబాయి వానలు, ధరలు, అవార్డులు, ఏదీ వదల్లేదు. సర్కారీ తెర మీద మూసుకున్న నోరు పొద్దున్నే పేపర్లో తెరుచుకునేది. చాలామంది పాఠకులు ఆ పత్రికను వెనక పేజీ నుంచి మొదలెట్టేవారని చెప్తారు. హిందీలో ఇంత కాలం రోజువారీ వ్యంగ్యం నడిపి, నాణ్యం పడిపోకుండా చూసుకున్నవాళ్లు అరుదు. అన్నీ ఆణిముత్యాలేం కావు. సంపుటాలు తిరగేస్తే నలిగిన జోకులు, ఆ నాటి మంత్రి పేరు తెలియకపోతే అర్థంకానివి బోలెడు తగులుతాయి. రోజూ రాసేవాడికి అది తప్పదు.

జోషీ పదును ఎంతటిదో తెలియాలంటే ఆయన నాటకం ‘ఏక్ థా గధా ఉర్ఫ్ అలాదాద్ ఖాన్’ చూడాలి. ఒక నవాబు రాజ్యంలో చాకలివాడి గాడిద చచ్చిపోతుంది. దాని పేరు అలాదాద్ ఖాన్. చాకలి గుండెలవిసేలా ఏడుస్తాడు. ఎవరో గొప్ప పౌరుడు పోయాడనుకుని నవాబు తానే అంత్యక్రియలకు వస్తానని చాటింపు వేయిస్తాడు, సామాన్యుడి పాడె మోస్తే పేరొస్తుందని. తీరా చచ్చింది గాడిద అని తెలుస్తుంది. మాట వెనక్కి తీసుకుంటే నవాబు నవ్వులపాలు. శవం కావాలి. కాబట్టి అలాదాద్ ఖాన్ అనే పేరున్న మనిషిని వెతికి పట్టుకొస్తారు. మొదటి సగం నవ్వి నవ్వి వచ్చిన ప్రేక్షకుడికి రెండో సగంలో గొంతు ఎండిపోతుంది. ఈ నాటకం ఇప్పటికీ దేశంలో ఎక్కడో ఒకచోట కాలేజీ కుర్రాళ్లు ఆడుతూనే ఉంటారు. దీన్ని దూరదర్శన్‌కు సీరియల్‌గా ఇస్తే ఏమనేవారో ఊహించుకోవచ్చు.

అలాగని ప్రభుత్వ టీవీ రాజకీయ వ్యంగ్యాన్ని పూర్తిగా తోసిపుచ్చిందనీ కాదు. 1980ల చివర్లో రెండో జోషీ, అంటే మనోహర్ శ్యామ్, రాసిన ‘కక్కాజీ కహిన్’లో ఓం పురి నటించారు, అందులో నాయకుడే నవ్వులాట సరుకు. ఆ సందు దొరకడానికి మాత్రం కొన్నేళ్లు పట్టింది.

1990లో శరద్ జోషీకి పద్మశ్రీ వచ్చింది. 1991 జులైలో మహేశ్ భట్ ‘దిల్ హై కె మాన్‌తా నహీ’ విడుదలైంది. ఆమిర్ ఖాన్, పూజా భట్ల ఆ ప్రేమకథకు సంభాషణలు జోషీవే. అరవయ్యేళ్ల వయసులో రాసిన కుర్రకారు మాటలవి. సినిమా హాళ్లలో ఆడుతుండగానే, సెప్టెంబరు 5న, ఆయన ముంబైలో కన్నుమూశారు.

తర్వాత టీవీ ఆయన పేరును వెతుక్కుంటూ వచ్చింది. 2009లో సబ్ టీవీ ‘లాపతాగంజ్’ మొదలుపెట్టింది. నీళ్లు సరిగా రాని, కరెంటు ఉండని, ఆశ మాత్రం చావని ఓ చిన్న ఊరు. అది శరద్ జోషీ కథల చిరునామా అని పేరు పక్కనే వేసుకున్నారు. బతికుండగా ఏ సీరియల్ గుర్తుచేయని పేరును, పోయిన పద్దెనిమిదేళ్లకు సీరియల్ తన బోర్డు మీద రాసుకుంది. దాన్ని తీసిన అశ్వినీ ధీర్ మరుసటి ఏడాది అజయ్ దేవగణ్, కొంకణా సేన్ శర్మ, పరేశ్ రావల్‌లతో ‘అతిథి తుమ్ కబ్ జావోగే’ అనే సినిమా తీశారు. సినిమా అతిథి వ్యాసంలోని అతిథి కంటే చాలా గోల చేస్తాడు. రెండు గంటలు నడవాలి కదా.

ఆ వ్యాసం మన పిల్లలకూ చేరింది. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి హిందీ పాఠ్యపుస్తకం ‘స్పర్శ్’లో ఏళ్ల తరబడి అది పాఠం. కేంద్రీయ విద్యాలయాల్లోనూ, సీబీఎస్ఈ బడుల్లోనూ చదివిన తెలుగు పిల్లలు చాలామంది జోషీని చదివినవాళ్లే. అతిథి ఎన్ని రోజులుగా ఇంట్లో ఉన్నాడు అని పాఠం కింద ప్రశ్న. నాలుగు రోజులు అని రాస్తే మార్కు పడుతుంది.